కొయ్య కొనకు మీసం వెంట్రుక

కృష్ణ ఒడ్డున ఆ రేవులో పడవ ఎవరి చేతికొస్తే వాళ్లే తెరచాప కొయ్య కొనకు కొత్త పేలిక కట్టాలి. గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పే మూరెడు గుడ్డ ముక్క అది. అది కట్టిన మనిషి మాటే ఆ పడవలో చెల్లుతుంది. ఇరవై రెండేళ్లుగా భిక్షం కడుతూ వచ్చాడు. మొన్నటి గాలికి పాతది పీలికలైపోయింది, కొత్తది కట్టాలి. కట్టడానికి భిక్షానికి కళ్లు లేవు. పొరలు కమ్మి రెండేళ్లయింది.

ఆ రెండేళ్లూ ఆయనకు కళ్లు కూతురు అండాలే. "నాయినా, పేలిక ఎడమకు తిరిగింది" అని ఆమె అంటే ఆయన చుక్కాని తిప్పేవాడు. ఆరు నెలలుగా చుక్కాని కూడా ఆమెదే. రేవులో అందరికీ తెలుసు గాని ఎవరూ పైకి అనరు. ఆడది పడవ నడపడం ఊరిపెద్ద మారయ్యకు అస్సలు మింగుడుపడలేదు. "నీ బావమరిది ఎల్లేశం వచ్చిండు గద, పట్నంల పడవలు నడిపిండట, వానికియ్యరాదు" అని భిక్షం చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. తెల్లారితే అవతలి ఒడ్డున జాతర. పది మంది ఎక్కాలి, అందులో నలుగురు పిల్లలు. పడవ ఎవరికన్నది సాయంత్రం గోపమ్మ చాయ్ హోటల్ ముందర తేలుద్దామన్నాడు భిక్షం.

అందరూ చేరారు. అండాలు గుంజకు ఆనుకుని నిలబడింది. మేనమామను చూస్తేనే ఆమెకు ఒళ్లు మండింది. మూడేళ్లు పట్నంలో ఉండి వాడు తెచ్చిందేమిటయ్యా అంటే, మెడకు ఒక రుమాలు, మూతికి ఒక మీసం, ఆ రెంటి మధ్య మూతపడని నోరు.

"గీ పేలికలేంది బావా!" మొదలుపెట్టాడు ఎల్లేశం, బల్ల మీద కాలు మీద కాలేసుకుని. "గాలి చూసుడంటే గుడ్డపేలిక కట్టుడా? జర నేను చెప్పేది ఇనుండ్రి. నేను పట్నం పోయిన కొత్తల, హుసేన్‌సాగర్ల ఒక దొరకు చిన్న తెరచాప పడవ ఉండె. ఒకనాడు ఆయన కొయ్య మీది పేలిక ఊడిపోయింది. దొర పరేషాన్, అటు చూస్తడు ఇటు చూస్తడు. నేను ఊకుంటనా? భుజం మీది గొంగడిలకెల్లి ఒక్క ఉన్నిపోగు గుంజి కొయ్యకు కట్టిన. అంతే, గాలి ఎటుంటే అటు తిరిగింది. దొర నా ఈపు చరిచి, ఎల్లేశం, నువ్వు లేకుంటే నేనేమైపోతుంటి అన్నడు."

"మంచిగనే కట్టినవ్" అన్నాడు మారయ్య, భిక్షం వైపు చూస్తూ.

అది నిజమే కావచ్చు అనుకుంది అండాలు. ఉన్నిపోగు కట్టడం ఏ గొల్లపిల్లవాడైనా చేస్తాడు. అక్కడితో ఆపితే ఎల్లేశం ఎల్లేశం ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉన్నిపోగు మస్తు మెల్లగ తిరుగుతది. గాలి వచ్చినంక చెప్పుడు ఏం గొప్ప? రాకముందు చెప్పాలె. గందుకని ఒక నెమలీక తెచ్చి కట్టిన. ఇగ చూడుండ్రి, గడియ తర్వాత వచ్చే గాలిని గది ఇప్పుడే చెప్తుండె. నేను తెరచాప మల్పి కూసుంటే, గడియకు గాలి వచ్చి నా తెరచాపల దూరుతుండె. మిగిలిన పడవలోల్లు నోరు తెరుసుకోని చూస్తుండిరి."

"రేపు ఏ గాలొస్తదో కూడ చెప్పెనా?" అంది గోపమ్మ, గిన్నె దింపుతూ.

"వారం దాక చెప్పెనమ్మా! కాని ఆదివారాలు చెప్పకపోతుండె."

గోపమ్మ పళ్లు బిగించి నవ్వాపుకుంది. అండాలు ఆపుకోలేదు, "ఆదివారం దానికి సెలవా మామా?" అంది.

"ఆడపిల్లవు, నీకేం తెలుసు గాలి సంగతి? పెద్దోల్లు మాట్లాడుతుంటే నడుమల రాకు." ఎల్లేశం మీసం దువ్వాడు. మారయ్య కూడా ఆమె వైపు గుడ్లురిమి చూశాడు. నిన్న మధ్యాహ్నం ఇదే మారయ్య, ఏటి నడుమ సుడిగాలి లేస్తే, బిడ్డా నువ్వే దిక్కని ఆమె వెనుక నక్కి కూర్చున్నాడు. అండాలుకు ఏడుపొచ్చినంత పని అయింది. నాయిన మాత్రం తల వంచుకుని, చాయ్ ముంత చేతిలో పెట్టుకుని, వింటున్నాడో లేదో తెలియకుండా ఉన్నాడు.

"ఇగ అసలుది ఇనుండ్రి" గొంతు పెంచాడు ఎల్లేశం. "ఒకనాడు తుపాను లేసింది. నెమలీక ఎగిరిపోయింది. గొంగడి ఎగిరిపోయింది. దొర టోపీ ఎగిరిపోయింది. దొర కూడ ఎగిరిపోతుండె, కాళ్లు పట్టుకోని ఆపిన. కొయ్యకు కట్టుటానికి ఏం లేదు. ఏం చేసిన్నో తెలుసా? గీ మీసంలకెల్లి ఒక్క వెంట్రుక, ఒక్కటంటే ఒక్కటి, పటుక్కున పీకి కొయ్య కొనకు కట్టిన. ఇగ ఏం చెప్పాలె! వెంట్రుక తూర్పుకు తిరిగితే గాలి తూర్పుకే తిరిగింది. పడమరకు తిరిగితే పడమరకే. గాలిని చూసి వెంట్రుక తిరుగుడు కాదు మారయ్యా, వెంట్రుకను చూసి గాలి తిరిగింది! నా మీసం అంటే గంత భయం దానికి!"

"అబ్బో!" అన్నాడు మారయ్య. ఈసారి ఆ గొంతులో పొగడ్త ఎంతో, అనుమానం ఎంతో ఆయనకే తెలియలేదు.

"ఇంకా ఉన్నది. నేను వెంట్రుకకు చెప్పిన, నకిరేకల్ దిక్కు చూడవే అని. చూసింది. గాలి వెనుకనుంచి ఒక్క ఊపు ఊపింది. పడవ హుసేన్‌సాగర్ కట్ట ఎక్కింది, దిగింది, సడక్ పట్టింది. బస్సులోల్లు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిరి. నకిరేకల్ అంగడిల పల్లికాయ బస్తాల నడుమ నుంచి ఒక్క బస్తాకు తాకకుంట తీసిన. తీసి పానగల్లు చెరువుల దింపిన. దిగి, ఒడ్డుమీద చాయ్ తాగి, బీడీ ముట్టిచ్చి కూసున్న. గప్పుడు వచ్చింది గాలి, రొప్పుకుంట! ఎల్లేశం, నీ వెంట ఉరుకుడు నా వల్ల కాదు అన్నది."

గోపమ్మ ఇక ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి ఉరికింది. చుట్టూ ఉన్న బెస్తలు పడీపడీ నవ్వారు. ఎల్లేశం కూడా నవ్వాడు. నవ్వించిన తర్వాత పడవ తనదేనన్న ధీమా వాడి మొహంలో కనిపించింది. అండాలుకు నవ్వు రాలేదు. ఈ నోటిని నమ్మే కదా రేపు నలుగురు పిల్లలు ఏటి నడుమకు పోవాలి.

"బాగున్నది" అన్నాడు భిక్షం, ముంత కింద పెట్టి. "ఎల్లేశం, ఒక్కటి చెప్పు. పానగల్లు, నకిరేకల్ ఇడిసిపెట్టు. హుసేన్‌సాగర్లనే, ఉత్త దినం, తుపాను లేదు ఏం లేదు. గాలి నీ వెనుకనుంచి వస్తాంది, పడవ గా గాలి ఊపుల సక్కగ పోతాంది. గప్పుడు కొయ్య మీది పేలిక ఎట్లుంటది?"

"గిదేం సవాలు బావా!" ఎల్లేశం చెయ్యి గాల్లో ఆడించాడు. "పడవ జోరు మీద ఉంటది గద, పేలిక వెనుకకు తిరిగి టపటప కొట్టుకుంటది. ఊళ్ల మీద దౌరాకు పోయే ఆఫీసర్ జీపు ముందర జెండా ఎట్ల కొట్టుకుంటదో, గట్ల!"

ఎవరూ నవ్వలేదు. బెస్తలిద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మారయ్యకు అర్థం కాలేదు గాని, ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది.

"అండాలు, నువ్వు చెప్పు" అన్నాడు భిక్షం.

"వేలాడుతది నాయినా. గాలి, పడవ ఒకటే దిక్కు పోతుంటే పైన గాలి లేనట్టే ఉంటది. ఒంటికి కూడ తెల్వది."

"తెల్వనోడు ఏం చేస్తడు?"

"గాలి పడ్డదనుకుంటడు. ఫికర్ లేదని చుక్కాని ఇడిసి లేస్తడు. గప్పుడు పడవ అడ్డం తిరుగుతది, ఎనుకున్న గాలి పక్కలకు తగిలి బోర్లేస్తది."

భిక్షం తల ఊపాడు. "మా తమ్ముడు గట్లనే పోయిండు, ఎల్లేశం. పేలిక వేలాడుతాందని లేసి బీడీ ముట్టిచ్చుకుంటుండె." చీకటి కమ్మిన కళ్లను బావమరిది గొంతు ఉన్న వైపు తిప్పాడు. "నువ్వు పట్నంల ఎక్కింది పడవ కాదురా. జీపు."

ఎల్లేశం చెయ్యి మీసం దాకా పోయి, దువ్వకుండానే కిందికి వచ్చింది.

"మారయ్యా" అన్నాడు భిక్షం, "రేపు నీ మనుమలిద్దరు ఎక్కుతున్నరు గద. ఎవల చేతులకు ఇయ్యమంటవో నువ్వే చెప్పు."

మారయ్య ఎవరి మొహమూ చూడకుండా, "బిడ్డనే కట్టనియ్యి" అన్నాడు.

అండాలు చీర కొంగు అంచు పళ్లతో పట్టి మూరెడు చింపింది. రేవులోకి దిగి, పడవెక్కి, కొయ్య పట్టుకుని పైకి పాకి కొనకు రెండు ముళ్లు వేసింది. ఒడ్డున ఎల్లేశం అప్పటికే తేరుకుని, అసలు జీపు తోలడంలో కూడా గాలి చూసుకునే తీరు ఒకటున్నదని ఎవరికో మొదలుపెడుతున్నాడు.

"మామా!" కొయ్య మీది నుంచే కేకేసింది అండాలు. "రేపు నువ్వు కూడ రావాలె. పిల్లల నడుమల కూసో. నేను చెప్పేదాక లేవొద్దు."