గ్యాలన్‌కి పదమూడు మైళ్లు

"జెట్టు పెద్దదైతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది లలితా, అంతే. అందులో దాచడానికేముంది?"

"దాచారని నేనన్నానా?"

ఆదివారం పొద్దున. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తమ ఇంటి గరాజ్‌లో, యాభై ఏళ్ల నాటి మోటార్‌సైకిల్ ముందు గొంతుక్కూర్చుని రవికాంత్ కార్బ్యురేటర్ విప్పుతున్నాడు. భార్య లలిత కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడింది. ఆ కాఫీ తనకోసం కాదని అతనికి అప్పటికే అర్థమైపోయింది.

"అనలేదనుకో. నువ్వు అడిగే పద్ధతి అలా ఉంది."

"నేనడిగింది మైలేజ్. శుక్రవారం సాయంత్రం నా ముందే మూడు గ్యాలన్ల ట్యాంక్ నింపారు. నిన్న గ్రేప్‌వైన్ లేక్ దాకా వెళ్లొచ్చానన్నారు. పోను రాను నలభై మైళ్లు. ఇవాళ ట్యాంక్ ఊపితే చుక్క చప్పుడు లేదు. గ్యాలన్‌కి పదమూడు మైళ్లన్నమాట. మన వీధిలోకొచ్చే చెత్త లారీ నయం."

"పాత బండి కదా."

"కొన్నప్పుడు యాభై ఇస్తుందన్నారు. పాట్‌లక్ విందులో భాస్కర్ గారి భుజం పట్టుకుని మరీ చెప్పారు. ఆయన పాపం, ప్లేట్‌లో బిర్యానీ చల్లారిపోతున్నా కదల్లేక..."

"అప్పుడు ఒరిజినల్ జెట్ ఉంది. తర్వాత నేనే పెద్ద నంబర్ జెట్ వేశా. జెట్ అంటే, కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ వచ్చే..."

"తెలుసు. చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో కన్నం. ఈ ఇంట్లో ఇంకో మాట ఉందా? పెద్దది ఎందుకు వేశారు?"

"పికప్ కోసం."

"యాభై రెండేళ్లకి పికప్."

"నీకు చెప్పినా అర్థం కాదు."

"అర్థమైంది కాబట్టే నవ్వొస్తోంది. మీటర్ ఎంత చూపిస్తోంది?"

"మీటర్ పనిచేయట్లేదు. కేబుల్ తెగింది."

"తెగిందా, ఊడదీశారా?"

"తెగింది."

"మరి ఆ షెల్ఫ్ మీద చుట్ట చుట్టి పెట్టిందేమిటి? పాము పిల్లా?"

"అది... అది పాతది."

"బండే పాతది. అందులో మళ్లీ పాతదా?"

"లలితా, పొద్దున్నే..."

"ఆ ప్లగ్గు ఇటివ్వండి."

"ఏ ప్లగ్గు?"

"మీ మోకాలి పక్కన పేపర్ మీద పెట్టుకున్న స్పార్క్ ప్లగ్గు. ఇటివ్వండి."

"చేతికి మసి అంటుతుంది."

"మసి ఉంటే కదా అంటడానికి! చూడండి. ఏం రంగు ఇది?"

రవికాంత్ స్క్రూడ్రైవర్‌ని గుడ్డతో తుడవసాగాడు.

"మాట్లాడరే? పెట్రోల్ ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసిబారుతుంది, తక్కువైతే తెల్లగా కాలుతుంది, సరిగ్గా ఉంటే బిస్కెట్ రంగు. మీ మాటలే. దీపావళి పార్టీలో చిన్నపిల్లల్ని కూడా కూర్చోబెట్టి చెప్పారు. ఇప్పుడు చెప్పండి, ఇదేం రంగు?"

"బిస్కెట్."

"జెట్ మార్చలేదు."

"లేదు."

"ఇంతకాలం కోడ్ రాశారు. ఒక్క అబద్ధం టెస్ట్ చేసుకుని చెప్పడం చేతకాలేదు. మూడు గ్యాలన్లు, యాభై లెక్కన నూట యాభై మైళ్లు. ఎక్కడికెళ్లారు?"

"ఊరికే తిరిగా. హైవే మీద."

"కారుంది. కార్లో ఏసీ ఉంది. టెక్సస్ ఎండలో ఈ డొక్కు మీద, ఊరికే."

"కారు తీస్తే ఎక్కడికెళ్లానో నీ ఫోన్‌లో కనిపిస్తుంది కదా."

నోరు జారాక గానీ రవికాంత్‌కి తానేమన్నాడో తెలియలేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"అదీ సంగతి. దీనికైతే యాప్ ఉండదు. అందుకే కొన్నారన్నమాట."

"కొన్నది అందుకు కాదు. తర్వాత... పనికొచ్చింది."

"ఆడమనిషి అని నేననుకోవట్లేదులెండి. అంత ధైర్యం మీకెక్కడిది?"

"ఛ, అలాంటిదేం లేదు."

"అదే అంటున్నా. మరి ఎక్కడికి?"

"హర్షిత్ దగ్గరికి."

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాను."

"అందుకే చెప్పలేదు."

"చదువుకోమని మీ అక్క పంపిస్తే, మీ మేనల్లుడు క్లాసులు ఎగ్గొట్టి, చాటుమాటుగా స్టోర్‌లో కౌంటర్ దగ్గర పనికి నిలబడ్డాడు. ఇమ్మిగ్రేషన్ వాళ్లొచ్చి పట్టుకెళ్లి డిటెన్షన్ సెంటర్‌లో బంధించారు. అదీ మన గ్రీన్‌కార్డ్ ఫైల్ కదిలే టైమ్‌లో. ఆ డిటెన్షన్ సెంటర్‌కి వెళ్తే మన ఐడీ అడుగుతారు, పేరు రాసుకుంటారు, గడప తొక్కొద్దన్నానా లేదా?"

"అన్నావు."

"మన పిల్ల మాయ కాలేజీ ఏమైపోతుంది, ఈ ఇల్లేమైపోతుంది అన్నానా లేదా?"

"అన్నావు. నేనూ సరేనన్నా. కానీ అక్క ఫోన్‌లో ఏడుస్తూ, వాణ్ణి నీ కళ్లతో చూశావా తమ్ముడూ అనడిగింది. చూశానని చెప్పేశా. చెప్పాక వెళ్లకుండా ఎలా ఉండను? అద్దం అవతల కూర్చుంటాడు. మనిషి సగమయ్యాడు. మనింటికొస్తే వాగుతూనే ఉండేవాడు కదా, ఇప్పుడు అడిగినదానికి తలూపుతాడు. నాకేం మాట్లాడాలో తోచక ఈ జెట్ల గురించే చెబుతుంటా."

"అక్కడ కూడానా! వాడు పడుతున్నది చాలదనా?"

"నవ్వాడు లలితా. నిన్న ఒక్కసారి నవ్వాడు."

లలిత కాఫీ తాగడం మానేసింది. ప్లగ్గు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"తిట్టు, పడతాను. కానీ వచ్చే శనివారం కూడా వెళ్తా. నా పేరు ఎలాగూ వాళ్ల దగ్గర పడిపోయింది. నీ పేరు, మాయ పేరు పడకుండా చూసుకుంటా. ఎప్పుడైనా ఇంటికి ఫోన్ చేస్తే, నేనొస్తున్నట్టు నీకు చెప్పొద్దని వాడి దగ్గర మాట కూడా తీసుకున్నా."

"మాటా? మీక్కూడా ఇచ్చాడా? ఇద్దరికీ మాటిచ్చి ఇద్దరి దగ్గరా నోరు మూసుకు కూర్చున్నాడన్నమాట, వెధవ."

"ఇద్దరికీ ఏంటి?"

"మీ మొహం. ఆ యాప్ మీ ఫోన్‌లో కూడా ఉంది, ఒక్కసారైనా తెరిచారా? ప్రతి బుధవారం ఆఫీస్‌కని చెప్పి నేను కారు ఎక్కడికి తీసుకెళ్తున్నాననుకున్నారు?"