తొంభై తొమ్మిది దగ్గర ఇరుక్కున్న తోక

టైలరుకి టీ గొంతు దిగడం లేదు. వాళ్లమ్మ కాలికి కట్టుతో మంచమెక్కి మూడు వారాలైంది. ఆవిడ మంచంలోనే చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్ పనిచేసినన్నాళ్లూ ఇల్లు ప్రశాంతంగా ఉండేది. కొత్తగా కొన్న డ్రాగన్ ఆట ఎక్కించబోతే 'ఫైలు పాడైంది' అంటూ మొరాయించింది. దాన్ని గడియారాలు బాగుచేసే బాబాయి చేతికిచ్చి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఆవిడ కోడలి వంటకీ కొడుకు నడకకీ వంకలు పెడుతూనే ఉంది. ఇవాళ కూడా వట్టి చేతులతో వెళ్తే అతని పని అయిపోయినట్టే.

మెషీన్ బాబాయి ఒళ్లోనే ఉంది. ఆయన ఇస్తే కదా.

"మొదట నేను చేసింది చిన్న పనే," అన్నాడు బాబాయి, టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని. "ఆపి మళ్లీ ఆన్ చేశాను, అంతే, తొంభై తొమ్మిది శాతం దాకా పరిగెత్తింది. అక్కడ ఆగింది. ఎందుకాగిందో తెలుసా?"

"చోటు చాలకేమో," అన్నాడు టైలరు.

"అది అందరూ చెప్పే మాటే. నేను కంటికి భూతద్దం తగిలించుకుని ఫైలు లోపలికి చూశాను. డ్రాగన్ మొత్తం ఎక్కేసింది, తోక మాత్రం బయట ఉండిపోయింది. పట్టకారుతో పట్టుకుని మడతపెట్టబోతే ఒక్క విసురు విసిరింది చూడు, నా కొట్లో నూటపాతిక గడియారాలు ఒకేసారి గంట కొట్టాయి."

"చేతి గడియారాలు కూడానా?" టీ కొట్టు అక్క గ్లాసులు కడుగుతూ అడిగింది.

"అవే ముందు కొట్టాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆట తయారుచేసిన వాళ్లే ఫోన్ చేశారు. అయ్యా, మీరక్కడ తోక లాగుతుంటే ఇక్కడ మా కుర్చీలు కదులుతున్నాయి, కాస్త నెమ్మదిగా అన్నారు. నేను వదుల్తానా, మూడు పగళ్లు లాగాను. చివరికి డ్రాగన్‌కే విసుగొచ్చి, బాబాయ్, వదులు, నేనే మడుచుకుంటాను అంది. మడుచుకుంది. ఆ క్షణంలో కాలమే ఆగిపోయిందనుకో."

"డ్రాగన్‌కి కూడా బాబాయివేనా," అంది అక్క.

టైలరు ఇక ఉండబట్టలేక మెషీన్ లాక్కుని ఆన్ చేశాడు. తెర మీద మూడే మాటలు కనిపించాయి, 'మెమరీ కార్డు లేదు'. మెషీన్ తిప్పి చూస్తే కార్డు పెట్టే గాడి ఖాళీగా ఉంది.

"బాబాయ్, ఇందులో గోరంత నల్ల కార్డు ఉండాలి."

"తుడుద్దామని తీశాను," బాబాయి జేబులు తడుముకున్నాడు. ఒక్కో జేబూ ఖాళీ అని తేలేకొద్దీ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. "డ్రాగన్ పట్టుకుపోయిందేమో."

అక్క చేతులు తుడుచుకుని గోడ గడియారం దించింది. నాలుగు రోజుల కిందట బాబాయి బాగుచేసిన గడియారమే. బ్యాటరీ వదులుగా ఉంటే జేబులో చేతికి తగిలిందేదో పక్కన దోపి బిగించడం ఆయన పద్ధతి. ఆమె వెనక మూత తీసి, బ్యాటరీ పక్కనుంచి గోరంత నల్ల ముక్కను ఊడలాగి టైలరు అరచేతిలో పెట్టింది. సెకన్ల ముల్లు నిలిచిపోయింది.

కార్డు తుడిచి పెట్టగానే, ఈసారి మొరాయించకుండా ఆట చకచకా ఎక్కడం మొదలైంది. టైలరు చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసి ఇంటికి పరుగెత్తాడు.

అక్క ఆగిన గడియారాన్ని బాబాయి ఒళ్లో పెట్టింది. "నీ డ్రాగన్ తోక నా గడియారంలోనే దొరికింది బాబాయ్. కాలం ఆగిపోయిందన్నావు చూడు, ఆ ఒక్క మాటా నిజమే."