లీనా వోస్ ముఖానికి కట్టిన ధర

మిత్రులారా, పనులు మానుకుని ఇంత చలిలో వచ్చిన అచ్చుపనివాళ్లారా, పాతబొమ్మల వర్తకులారా, అన్నను పోగొట్టుకున్న చెల్లెమ్మా గెర్లిండ్,

మన ఎగ్బర్ట్ లిండ్‌నర్ సోమవారం పొద్దున పోయాడు. లైప్జిగ్‌లో ఇరవై ఆరేళ్లు ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని, పాత అచ్చుబొమ్మలకు ధర కడుతూ పనిచేశాం. నిన్న కూడా అలవాటుకొద్దీ రెండు కప్పుల కాఫీ కలిపాను.

అతని నోటి దురుసు ఎరగనివారు మీలో ఎవరు? రాతిపలక మీద గీసి అచ్చువేసిన రంగుల బొమ్మ ఏది తెచ్చినా ముందుగా వెనక్కి తిప్పేవాడు. తర్వాత భూతద్దం పెట్టి, రంగుకో రాయి చొప్పున ఎన్ని రాళ్లతో అద్దారో తేల్చేవాడు. ఒక రొట్టెల దుకాణం ఆయన తన బిషప్పు బొమ్మ అసలైన తైలచిత్రమనుకుని, అమ్మి ఇల్లు కొందామని వచ్చాడు. మనవాడు ఏమన్నాడు? "బొమ్మకంటే చట్రం ఖరీదెక్కువ. ఈ మాట బిషప్పుగారి చెవిన వేయకు." ఆ రొట్టెలాయన మరుసటి వారం నుంచి ఏళ్ల తరబడి మాకు రొట్టెలు పంపాడు. నిజం చెప్పే మనిషని అంత గురి. ఆ గురే మమ్మల్ని ముంచింది.

పద్నాలుగేళ్ల క్రితం టేడా అనే పెద్దావిడ వచ్చింది. ఒళ్లో ఒక పడుచుపిల్ల బొమ్మ. తన అమ్మమ్మ లీనా వోస్ అంది. అచ్చు కార్ఖానాలో బొమ్మలద్దే రాళ్లు నూరి నునుపు చేసేదట, చిత్రకారుడు ఆమెనే చూసి గీశాడట. ఇంట్లో ఆమె రూపం ఇంకేదీ లేదు. చట్రంలో పట్టడానికి అంచులు కత్తిరించేశారు. అప్పట్లో అందరూ చేసిన పనే అది. అచ్చువేసినవాడి పేరు ఆ అంచుతోపాటే పోయింది. అంచు లేని బొమ్మ కథ నమ్మకూడదని మా వృత్తిలో నియమం. ఎగ్బర్ట్ అన్నాడు: "ఈమె ఎవరూ కాదమ్మా. వేలల్లో వేసిన ఊహాసుందరి. ఇరవై యూరోలు." నేను అక్కడే ఉన్నాను. ఉండి ఏం చేశాను? నవ్వాను.

మూడేళ్లకు, మూతపడిన ఒక కార్ఖానా సామానులో అదే బొమ్మ నమూనా అచ్చు దొరికింది. అంచులు చెక్కుచెదరలేదు. చిత్రకారుడు ఆ అంచుమీద పెన్సిల్‌తో రాసుకున్నాడు: "రాళ్లు నూరే లీనా వోస్."

అప్పటికే టేడా చనిపోయింది. ఎగ్బర్ట్ ఆ బొమ్మను తన కుర్చీకి ఎదురుగా తగిలించాడు. సాయంత్రం దీపం ఆర్పేటప్పుడు అనేవాడు: "కొన్రాడ్, ఆమె ఇవాళ కూడా అడిగింది." ఏమడిగిందని నేనెప్పుడూ అడగలేదు. నాకూ వినబడేది, 'నేను ఎవరూ కానా' అని. ఇప్పుడు ఆ గదిలో ఒక్కడినే కూర్చోవాలంటే భయంగా ఉంది. దాచుకోను.

పదకొండేళ్లు ఉత్తరాలు రాసి, పోయిన నెల ఎగ్బర్ట్ టేడా కూతురు రోస్‌విటా జాడ పట్టాడు. ఆమె జవాబిచ్చింది: "మీ మాట విన్న రోజే మా అమ్మ బొమ్మను పొయ్యిలో వేసింది. పరాయిదానికి ఇన్నేళ్లు పూలు పెట్టామని ఏడ్చింది. చనిపోయేదాకా తన అమ్మమ్మ పేరెత్తలేదు." ఎగ్బర్ట్ ఆ ఉత్తరం చదివాక ఏ బొమ్మకూ ధర చెప్పలేదు. ఒక్కసారి రమ్మని ఆమెను బతిమాలాడు. ఆమె ఒప్పుకుంది. వస్తానన్న రోజు ఇవాళే.

వచ్చింది. వెనక వరుసలో, కిటికీ పక్కన కూర్చుంది.

రోస్‌విటా గారూ, ఈ బల్లమీద ఉన్నది మీ ముత్తమ్మమ్మ. తీసుకెళ్లండి. మిత్రులారా, ఎగ్బర్ట్ ఈవిడ ముందు తలవంచి నిలబడాలనుకున్నాడు. నిలబడలేకపోయాడు. లేవండి, అటు తిరగండి. అతని బదులు మనం నిలబడదాం. తలలు వంచండి.