సున్నా గాలి

వినుకొండ దగ్గర పత్తిచేను గట్టు, 2003 భాద్రపదం. కోడలు శ్రీరమ్య, మామ బుల్లయ్య, అత్త హనుమాయమ్మ.

"మళ్లీ చూడు."

"సున్నానే మామయ్యా."

"సున్నా! నా తలగుడ్డ ఎగిరిపోయి పత్తిచెట్టెక్కి కూర్చుంటే, నీ గాలిమీటరు సున్నా అంటుందా?"

"ఇంకాస్త ఎత్తి పట్టుకుంటా... అయ్యో, నా కొంగు! అత్తయ్యా, పట్టుకోండి!"

"నా కొంగే నా చేతిలో లేదమ్మాయ్, నీదెక్కడ పట్టుకోను!"

"వ్యవసాయం బీఎస్సీ అంటే ఇదేనా పిల్లా? పందెం గుర్తుందా? ఆ మీటరు నిజం చెబితే, మందు ఎప్పుడు కొట్టాలో ఇక నువ్వే చెబుతావు. తప్పు చెబితే ఈ ఏడాది చేలో నీ మాట చెల్లదు."

"గుర్తుంది. గాలి గంటకు పది కిలోమీటర్లు దాటితే కొట్టకూడదు. మందంతా పక్కన ఖాదర్ వలి గారి గేదెల మేత మీద పడుతుంది."

"సున్నాయేగా! కొట్టేద్దామా మరి?"

"నవ్వకండి మామయ్యా! అత్తయ్యా, మీరూనా! నిన్న నేను నోటితో ఊదితేనే పన్నెండు చూపించింది."

"ఏదీ, నన్నూ ఊదనీ. ఉఫ్... ఉఫ్ఫ్! ఎంత?"

"సున్నా అత్తయ్యా."

"అయితే నా ఊపిరి ఆగిపోయినట్టే. ఏవయ్యా, నన్ను మోసుకుపో!"

"అబ్బా, నవ్వించకండి అత్తయ్యా... ఉండండుండండి. ఈ బుల్లి ఫ్యాను మధ్యలో ఏదో అంటుకుంది. పసుపు! ఎండి బిగుసుకుపోయింది. దాని మీద కుంకుమ! అత్తయ్యా!"

"నేను కాదు తల్లీ. కొత్త ఫ్రిజ్జుకే పెట్టలేదు నేను."

"మరెవరు? గోటితో గీకుతున్నా... తిరిగింది! పదిహేను... పద్దెనిమిది... మామయ్యా, ఇరవై!"

"ఆఁ, కనబడుతోందిలే. ఇవాళ మందు వద్దు. పదండి ఇంటికి."

"ఆగండి. బొట్టెవరు పెట్టారు?"

"ఎవరో పెట్టుంటారు. ఆ తలగుడ్డ అందుకో."

"ఏవయ్యా, నీ ఉంగరం వేలు పచ్చగా ఉందేం?"

"అదా... అదీ..."

"మామయ్యా! మీరా! పందెంలో నన్ను ఓడించడానికా?"

"ఓడించడానికా! పిచ్చిపిల్లా. మా నాన్న నాగలికి పెట్టాడు. నేను స్ప్రేయరుకు పెట్టాను. మన సేద్యంలోకి వచ్చేసిందనుకుంటే తప్ప, ఏ సామానుకూ ఈ చేత్తో బొట్టు పెట్టను."