మొండమ్మ బావి

పిండిమిల్లు ముందు అరుగు మీద ముగ్గురు కూర్చున్నారు: మిల్లు నడిపే ఆమె, ఊరి సంఘం ప్రెసిడెంటు, తొంభై దాటిన అతని మేనత్త.

"ఇవ్వను. ఇంకెన్నిసార్లు అడిగినా అదే మాట."

"అక్కా, నీ పొలమంతా రాసిమ్మన్నానా? బావి పక్కన నాలుగడుగుల జాగా. రాయి నిలబెట్టుకుని పోతాం."

"ఏ రాయి?"

"ఏ రాయంటావేమిటి! ఊరు కట్టినవాళ్ళ పేర్లు చెక్కించిన రాయి. రేపు పొద్దున లారీలో వస్తోంది."

"ఎన్ని పేర్లు?"

"ఐదు. మొదట వచ్చిన ఐదు కుటుంబాలు."

"ఆరు."

"మళ్ళీ మొదలెట్టావూ!"

"నేను ఆపిందెప్పుడు, మళ్ళీ మొదలెట్టడానికి? ఆ బావి తవ్విందెవరు ప్రెసిడెంటుగారూ?"

"అందరూ కలిసి…"

"ఎవరా అందరూ? మీ తాత పట్టాడా గునపం?"

"మా తాత ఊసెత్తకు. తుప్పలు కొట్టి, రాళ్ళేరి, ఈ నేలని నేలగా చేసినవాడాయన."

"చేశాడు. కాదన్నానా? రెండేళ్ళు చేశాడు. మూడో ఏడు వాన మొహం చాటేస్తే బండి కట్టాడు."

"చూడు, నోరు కాస్త…"

"ఐదు బళ్ళూ ఒకే తెల్లవారుజామున కదిలాయి. గిన్నెలు, కోళ్ళు, ఆఖరికి తలుపు చెక్కలు కూడా ఊడబెరుక్కుని పోయారు. మిగిలింది మా నాయనమ్మా తాతా. మీ తాత వచ్చి బండెక్కవమ్మా అంటే ఎక్కనందట. 'మొండిదానా, ఇక్కడే ఎండి చస్తావు' అన్నాడట. అప్పట్నుంచీ ఆవిడ మొండమ్మ. అసలు పేరు నాకే తెలీదు."

"పేరే తెలీనప్పుడు ఏం చెక్కించమంటావు?"

"మొండమ్మ అనే చెక్కించు. తిట్టినవాడి మనవడే చెక్కించాలి."

"వింటున్నావా అత్తా, ఈవిడ వరస?"

"వింటున్నాను. మంచినీళ్ళియ్యమ్మాయ్."

"ఇదిగో పెద్దమ్మా. మెల్లగా తాగండి."

"అది కాదక్కా. మొండమ్మ కూలికొచ్చిన మనిషి. భూమి చేసుకుందామని వచ్చినవాళ్ళు వేరు, వాళ్ళ వెనకాల పనికొచ్చినవాళ్ళు వేరు."

"పనికొచ్చినవాళ్ళే చివరికి పనికొచ్చారు."

"మాటలు బాగానే నేర్చావు. సాక్ష్యమేదీ?"

"బావి ఉందిగా సాక్ష్యం! మీవాళ్ళు వెళ్ళేటప్పటికి అది మోకాలి లోతు గుంట. వానలు పడ్డాక తిరిగొచ్చేసరికి నీళ్ళున్న బావి. దాని చుట్టూ మొలకెత్తిన చేను. ఎవరు తవ్వారు? దెయ్యాలా?"

"తిరిగొచ్చేదేంటి, అసలు వెళ్ళనేలేదని మా నాన్న చెప్పేవాడు."

"మీ నాన్న అప్పటికి పుట్టాడా?"

"పుట్టలేదనుకో…"

"మరి? కడుపు కాలుతున్నా విత్తనాల జోలికి పోకుండా, అడవి దుంపలు తిని, ఆ గింజల మూట తలకింద పెట్టుకుని పడుకుంది మా నాయనమ్మ. తాత తవ్వుతుంటే మట్టి తట్టలు మోసింది. ఆవిడ పోయేదాకా అరచేతుల్లో కాయలు పోలేదు. నేను చిన్నప్పుడు వాటిని గిల్లుతూ కూర్చునేదాన్ని, నొప్పి తెలిసేది కాదు ఆవిడకి."

"సరే, సరే. ఇప్పుడు చెక్కిన రాయిని మళ్ళీ చెక్కమంటే రాతిపనివాడు నవ్వడూ?"

"నవ్వనీ."

"ఒప్పుకోకపోతే?"

"నా పొలంలో రాయి దిగదు. దించుతావా, ముందు నన్ను తొక్కుకుంటూ పోయి దించు."

"సంఘం తలుచుకుంటే ఆ జాగా తీసుకోవడం ఎంతసేపక్కా?"

"తలుచుకోమను. మిల్లుకి తాళం వేస్తాను. ఊరంతా గింజలు నములుకుంటూ సభ పెట్టుకోండి."

"చూశావా అత్తా, బెదిరింపు! నువ్వయినా చెప్పు. మొదటొచ్చిన కుటుంబాల్లో ఇవాళ మిగిలింది నువ్వొక్కదానివే. ఇదంతా కట్టుకథ అని చెప్పు…"

"బళ్ళు వెళ్ళాయిరా."

"ఏంటీ?"

"వెళ్ళాయి. ఐదూ వెళ్ళాయి. అప్పటికి నాకు ఐదేళ్ళు."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారయినా చెప్పావా?"

"చెప్పనిచ్చారా? నోరు తెరిస్తే మీ నాన్న మాట మార్చేవాడు. ఆ ఇంట్లోనే బతకాలిగా నేను! నేనూ మార్చాను."

"పెద్దమ్మా, కళ్ళు తుడుచుకోండి. ఇదిగో కొంగు."

"ఒరేయ్, ఆరో పేరు పెట్టించు."

"అత్తా!"

"పెట్టించు. లేకపోతే రేపు మీ రాయి మీద గుడ్డ తీయడానికి ఇంకెవరినైనా పిలుచుకో."

"సరే… సరే. నీ మాటెందుకు కాదనాలి? పెట్టిస్తాను. కింద ఖాళీ ఉంది, అక్కడ కొంచెం చిన్న అక్షరాలతో…"

"చిన్నగానా? ఎందుకు చిన్నగా?"

"చూడక్కా, నిజం మాట్లాడుకుందాం. వాళ్ళకి బండి లేదు, ఎడ్లు లేవు. పోవడానికి వీల్లేక ఆగారు. వీల్లేకపోవడాన్ని పౌరుషమంటే ఎలా?"

"ఎక్కమంటే ఎక్కనంది కదయ్యా!"

"మాటవరసకి అని ఉంటారు. ఇంటింటి సామాను, పిల్లాజెల్లా, కోళ్ళగంపలు. ఇంకో మనిషికి చోటెక్కడిది? ఎందుకు ఎక్కలేదో మీ నాయనమ్మ ఎప్పుడైనా చెప్పిందా?"

"అదీ… అది మాత్రం చెప్పేది కాదు. అడిగితే ఈ పెద్దమ్మగారింటి వైపు చూసి ఊరుకునేది."

"అదిగో! చెప్పడానికేం లేదు కాబట్టే. బండిలో చోటు లేదు, ఆగిపోయింది. అంతే."

"చోటుందిరా."

"నీకేం తెలుసత్తా? ఐదేళ్ళ పిల్లవి."

"నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది? ఒళ్ళంతా పొక్కులు, కాలిపోయే జ్వరం. 'ఇది ఎలాగూ దక్కదు, మిగతా పిల్లలకి అంటిస్తుంది' అని మీ తాత నన్ను బండిలోంచి ఎత్తి ఆ గుంట పక్కన పడుకోబెట్టాడు. ఖాళీ అయిన ఆ చోట్లోనే కూర్చోమన్నాడు మొండమ్మని."