ఎడమచేతివాటం రైలుపెట్టె

పంతొమ్మిది వందల తొంభై నాలుగు, ఆగస్టు పద్నాలుగు, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. బల్లారట్ దగ్గర మా పొలం ఇంటి వరండాలో టీ తాగుతున్నాం. మా అత్తగారు ఐవీ ఒడిలో వాళ్ళ నాన్నగారి ఫొటో ఉంది. అందులో ఆయన ఓ రైలుపెట్టె తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన కొని తెచ్చిన పాత పెట్టె ఇప్పుడు మా పెరట్లో కోళ్ళగూడు. అప్పట్లో వాళ్ళ ఇల్లు అదే, అత్తగారు పుట్టింది అందులోనే. ఫొటోలోది అదే అయితే రైలు మ్యూజియం వాళ్ళు తీసుకెళ్ళి బాగుచేస్తారట. కాకపోతే బుధవారం నా భర్త నెవిల్ పగలగొట్టించేస్తారు. ఆ సంగతి తేల్చడానికి రైల్వేలో చేసి రిటైరైన మా చిన్నమామయ్య క్లారీ వచ్చారు.

“కిటికీలు లెక్కపెట్టి పెట్టె చెప్పడం ఎవడైనా చేస్తాడు వదినా. మ్యూజియంలో నాకోసారి అరతలుపు ఫొటో ఇస్తే, ఏ ఏడు చేసిందో చెప్పేశా. మర్నాడు పెట్టె లేదు, దాని నీడ పడ్డ ఆవు ఫొటో ఇచ్చారు. నీడ చూసి లోపల మూడో సీటు చిరిగిందన్నా.”

“ఆవు పేరు చెప్పలేదా బాబాయ్?” అన్నారు నెవిల్.

“అడగలేదు, చెప్పలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలింకా రాని స్టేషన్ ఫొటో తెచ్చారు. ఖాళీ పట్టాలు, నలుగురు మనుషులు. వాళ్ళ ముఖాలు చూసి రాబోయే పెట్టె ఏదో చెప్పా. భూతద్దం పెడితే ఒకాయన కంటిపాపలో అదే పెట్టె.”

“రాని రైలు కంట్లో ఎలా పడింది?” అన్నాను మెల్లగా.

“దూరంగా వస్తోంది కదమ్మా. ఆయన చూపు మంచిది.”

అత్తగారు ఫొటో అందించారు. మామయ్య ఒక్క చూపు చూశారు. “ఇది మీ గూడు కాదు వదినా. గూడు తలుపుల బందులు ఎడమవైపు, దీనికి కుడివైపు. ఇలాంటిది లోకంలో ఒక్కటే చేశారు, ఎడమచేతివాటం గవర్నరు గారి కోసం. దాని తాళంచెవి కూడా ఎడమకే తిరిగేది. నేను తిప్పా.”

నెవిల్ కప్పు కింద పెట్టేశారు. అత్తగారు ఫొటో వెనక్కి తీసుకుని చాలాసేపు చూశారు.

“మా నాన్నకి రంపంలో పోయింది ఎడమచేతి చిటికెన వేలు. ఇందులో కుడిచేతికి లేదు. గవర్నరు గారి కోసం ఆయన వేలు కూడా మార్చుకున్నారా, క్లారీ?”

నెవిల్ ఫొటోని హాల్లో అద్దం ముందు పెట్టారు. వేలూ ఎడమకి వచ్చింది, బందులూ ఎడమకి వచ్చాయి. ఎప్పుడో, ఎవరో ఫొటోని తిరగేసి అచ్చువేశారు.

“అదే చెప్పబోతున్నా,” అని మామయ్య ఇంకో కప్పు టీ అడిగారు.

మర్నాడు పొద్దున ప్రార్థన చేసుకుని అందరం పెరట్లోకి వెళ్ళాం. నెవిల్ కోళ్ళని ట్రాక్టరు షెడ్డులోకి తోలారు. అత్తగారూ నేనూ వేణ్ణీళ్ళతో తలుపులు కడిగాం. మామయ్య పెట్టె లోపల మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది రెట్ట గీకారు, అరగంట పాటు ఒక్క మాట లేకుండా.