తలుపు మీది కాగితం

పళ్ళ గోదాములో అద్దాల ఆఫీసు గది. మధ్యాహ్న భోజనాల వేళ. అక్క ఆ గోదాముకు సూపర్‌వైజరు. చెల్లెలు క్యారియరు పట్టుకొని ఇప్పుడే వచ్చింది. పళ్ళు మాగబెట్టే గదుల్లోకి మాట్లాడే స్పీకరు ఫోను ఒకటి గోడకు ఉంది.

“...అందుకే చెప్తున్నా, ముందు ఆ తలుపు చూడు. క్యారియరు తర్వాత విప్పుదువు గానీ.”

“ఏ తలుపక్కా?”

“మూడో గదిది. కళ్ళు పెట్టుకొని చూడవే.”

“అయ్యో! నా పేజీ!”

“నీ పేజీయే. రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, నాలుగు మూలలా టేపు వేయించాను. మా చెల్లెలు రాసిందని వచ్చినవాడికల్లా చూపిస్తున్నా. లారీ డ్రైవర్లు కూడా నిలబడి చదువుతున్నారు.”

“సిగ్గేస్తోందక్కా. ఇంకా దాన్ని వాళ్ళు ఒప్పుకోనే లేదు.”

“వాళ్ళంటే?”

“ఈ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు. చెప్పానుగా, గదిలో గాలి ఎలా ఉందో చూసే మీ సాఫ్ట్‌వేర్‌కి యజమానంటూ ఎవరూ లేరని. తలా ఒక చెయ్యి వేస్తారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అందరికీ ప్రోగ్రాం రాయడమే సరదా. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీ మాత్రం ఒక్కరూ రాయలేదు.”

“వండేవాళ్ళే గానీ వడ్డించేవాళ్ళు లేరన్నమాట.”

“ఆ వడ్డన నేను చేశాను. రాసింది ఏడు రోజులు అందరికీ కనబడేలా బయట పెడతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఇవాళ ఏడో రోజు.”

“ఎవరైనా అడ్డు చెప్పారా?”

“ఒక్కరూ నోరు విప్పలేదు.”

“మంచిదేగా!”

“మంచిదే... అసలు చదివారో లేదో.”

“చదవకేం? నేను చదివాను కదే మొదటిరోజే. ఆగు, మీ బావని పిలుస్తా, ఆ మూడో గదిలోనే ఉన్నారు. ఏవండీ! వినబడుతోందా? క్యారియరొచ్చింది. మీ మరదలు తెచ్చింది.”

“మరదలా? అయితే ఉప్పు ఎక్కువే ఉంటుంది.”

“ఇన్నాళ్ళు ఉప్పు తిని కూడా విశ్వాసం లేదు బావా నీకు!”

“అదీ దెబ్బంటే! వస్తున్నా, వస్తున్నా. ఇంకో ముప్పై పెట్టెలున్నాయి. సర్దేసి వచ్చేస్తా.”

“ఒక్కరేనా లోపల?”

“ఇంకెవరున్నారు? మేస్త్రీ తలనొప్పని పొద్దున్నే ఇంటికెళ్ళిపోయాడుగా. తలుపు దగ్గరకి వేసే ఉంచు, చల్లదనం పోతుంది.”

“సరే, త్వరగా రండి. పెట్టేశానే ఫోను. ఏంటలా చూస్తావ్?”

“మేస్త్రీగారికి మొన్న కూడా తలనొప్పే అన్నావు కదా?”

“ఈ వారమంతా అంతే. లోపలికెళ్ళొచ్చిన ప్రతివాడికీ తలనొప్పి, మత్తు. నిన్న నేనూ అలాగే కుర్చీలో జోగాను. ఎండలు మండిపోతున్నాయి మరి.”

“లోపల చల్లగానే ఉంటుందిగా అక్కా.”

“చల్లగా ఉండబట్టే కునుకొస్తుందేమో. నువ్వు మరీ డాక్టరులా అడక్కు. ఇదిగో, అసలు సంగతి విను. నీ పేజీ వచ్చాక ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఇదివరకు ఆ తలుపు తీయాలంటే తపస్సే. స్క్రీన్ మీద పన్నెండు వందలు, రెండు వేలు, ఒక్కోసారి అయిదు వేలు. ఫ్యాను వెయ్యి, నిలబడు. వెయ్యి లోపు దిగేదాకా నిలబడు. కాళ్ళు పీక్కుపోయేవి.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు సున్నా! పొద్దున చూస్తే సున్నా, సాయంత్రం చూస్తే సున్నా. అచ్చం నీ ఫోటోలో ఉన్నట్టే, చిలకపచ్చగా.”

“ఎప్పటి నుంచి?”

“సోమవారం గదంతా నీళ్ళతో కడిగించాను, అప్పటి నుంచి. శుభ్రంగా ఉంటే గాలి కూడా శుభ్రంగానే ఉంటుంది మరి. నువ్వు రాశావు కదా, ‘ఆకుపచ్చ సున్నా కనబడితే గాలి మంచిది, నిశ్చింతగా లోపలికి వెళ్ళండి’ అని.”

“రాశాను.”

“అందుకే నిశ్చింతగా వెళ్తున్నాం. అదిగో, నీ ఫోను మోగింది. ఎవరే?”

“మా పెద్దాయన. అంటే, ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టినాయన. మొహం కూడా ఎరగను. ఏడు రోజులు నిద్రపోయి ఇప్పుడు లేచాడు.”

“ఏమంటాడు? పైకి చదువు.”

“‘పేజీ చాలా బాగుంది. ఒక చిన్న ప్రశ్న. నీ ఫోటోలో సున్నా కనబడుతోంది. ఏ సెన్సరు తగిలించి తీశావు?’”

“సెన్సరంటే ఆ గదిలో గోడకున్న తెల్ల డబ్బాయేనా? గాలి పీల్చి చూసేది?”

“ఆఁ, అదే.”

“ఏది తగిలించావో చెప్పేసెయ్. పోయేదేముంది?”

“నా దగ్గర సెన్సరెక్కడిదక్కా? ఇంట్లో నా బల్ల మీద సాఫ్ట్‌వేర్ ఒక్కటే పెట్టుకున్నాను. తెరవగానే ఆకుపచ్చగా సున్నా వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది కదా అని ఫోటో తీశాను.”

“డబ్బా లేకుండానే సున్నా చూపించిందా?”

“చూపించింది.”

“అయితే ఏమయింది?”

“ఏం లేదు. అన్నం పెట్టనా?”

“ఆయన రానీ. మొహం అలా పెట్టావేం?”

“ఏం లేదన్నానుగా. అక్కా, ఆ డబ్బా కొలిచేది ఏ గాలిని?”

“మనం వదిలే ఊపిరిని. మాగే పళ్ళు కూడా మనలాగే ఊపిరి వదులుతాయిట. మూసిన గదిలో అది పేరుకుంటుందిట. ఆ డబ్బా బిగించిన మెకానిక్కు చెప్పాడులే.”

“పేరుకుంటే?”

“మనిషికి మంచిది కాదన్నాడు. వాసనుండదు, రంగుండదు. తల బరువెక్కి, నిద్రొచ్చినట్టు...”

“నిద్రొచ్చినట్టు?”

“ఉండు, మీ బావని మళ్ళీ పిలుస్తా. ఏవండీ! అన్నం చల్లారిపోతోంది.”

“ఊఁ.”

“ఎన్నయ్యాయి?”

“ఇంకో ముప్పై.”

“ఇందాకా ముప్పయ్యే అన్నారు!”

“అన్నానా? అయితే... ముప్పయ్యే. వస్తా. ముప్పై అయ్యాక వస్తా.”

“చూశావా, ఎలా నసుగుతున్నారో. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు మనిషి.”

“అక్కా, అది మనం వదిలే ఊపిరే అయితే ఈ గదిలో కూడా ఉంటుందిగా? మనిద్దరం ఇంతసేపటి నుంచి మాట్లాడుకుంటున్నాంగా?”

“ఉంటుంది. మెకానిక్కు ఓసారి డబ్బా ఇక్కడ పెట్టి చూపించాడు, ఆరు వందలో ఏడు వందలో.”

“బయట రోడ్డు మీద?”

“నాలుగు వందల పైచిలుకు. అడవిలోకెళ్ళినా, కొండెక్కినా అంతకు తగ్గదన్నాడు.”

“ఎక్కడా తగ్గదన్నాడా?”

“ఎక్కడా.”

“మరి పళ్ళ పెట్టెలు నిండుగా ఉన్న మూసిన గదిలో సున్నా ఎలా వచ్చిందక్కా?”

“...పళ్ళు మంచివేమో.”

“అక్కా!”

“నాకేం తెలుసే? నువ్వే కదా రాసింది! నన్నడుగుతావేం?”

“మెకానిక్కుగారు ఏరి?”

“పక్క ఊళ్ళో పని మీదున్నాడు. అవసరమైతే పిలవమని ఏదో రాసి, తలుపుకు అతికించి మరీ వెళ్ళాడు. కోడి గీతలు. నీ పేజీ పెట్టేటప్పుడు దాన్ని పీకేశాను.”

“ఎందుకు పీకేశావు?”

“ఎందుకేంటి, నువ్వే కదా...”

“సరే, సరే. ఎక్కడుంది అది?”

“ఈ సొరుగులోనే పడేశాననుకుంటా. తిన్నాక వెతుకుదాం.”

“ఇప్పుడే తియ్యి.”

“అంత తొందరేం...”

“తియ్యక్కా!”

“అరవకు. ఇదిగో. సగం చిరిగింది. ‘సున్నా వస్తే... సెన్సరు చచ్చినట్టు. తలుపు తీయవద్దు. లోపలికి పోవద్దు. నన్ను పిలవండి.’ చెల్లీ, ఆయన లోపలున్నారే!”

“ఆగు! ఎక్కడికి పరిగెడతావ్? నువ్వు లోపలికెళ్తే నువ్వూ పడిపోతావు. ఫ్యాను స్విచ్చి ఎక్కడ?”

“బయటే, తలుపు పక్కన.”

“స్విచ్చి వెయ్యి. తలుపు బార్లా తెరిచి అక్కడే నిలబడు. గడప మాత్రం దాటకు. నా మీద ఒట్టు పెట్టు.”

“ఒట్టే! నువ్వు ఫోనులో పిలువు, పిలువు ఆయన్ని!”

“బావా! బావా! బావా, వినబడుతోందా?”

“...ఊఁ.”

“ఏం చేస్తున్నావు?”

“కూర్చున్నా. పెట్టె మీద. కాస్త... కునుకు.”

“లే బావా. లేచి తలుపు దగ్గరికి రా.”

“ఎందుకూ? వచ్చేటప్పుడు చూశానుగా. సున్నా. సున్నా ఉంటే నిశ్చింత... నువ్వే రాశావుగా.”

“నేను రాసింది తప్పు.”

“నువ్వు తప్పు రాయవు. చిన్నప్పుడు... మీ అక్కకి రాసిన నా ఉత్తరాలు కూడా నువ్వేగా దిద్దింది.”

“ఇది తప్పు రాశాను బావా. చూడకుండా రాశాను. దండం పెడతాను, లే.”

“ముప్పై పెట్టెలు...”

“పెట్టెలు పోనీ. లేచి గోడ పట్టుకో.”

“ముప్పై...”

“బావా, అక్క పడిపోయింది!”

“ఆఁ?”

“అక్క కింద పడింది. తలకి దెబ్బ తగిలింది. తలుపు దగ్గరే ఉంది. నిన్నే పిలుస్తోంది, వినబడటం లేదా? పేరు పెట్టి పిలుస్తోంది!”

“రక్తమా?”

“రక్తమే! రా బావా, నువ్వు రాకపోతే ఎవరు లేపుతారు?”

“వస్తున్నా... ఏడవొద్దను... వస్తున్నా...”

“బావా? బావా? ఫోను వదిలేశాడు. అక్కా! ఏమైనా కనబడుతోందా?”

“లేదే! పెట్టెలే పెట్టెలు!”

“పిలువు! గట్టిగా పిలువు!”

“ఏవండీ! ఇటు! ఇటండీ! ...చెయ్యి! చెల్లీ, చెయ్యి కనబడుతోంది!”

“గడప దాటకు!”

“దాటనే. రండి, ఇంకొక్క అడుగు. ఇంకొక్కటి. ఆఁ... పట్టుకున్నా. పట్టుకున్నానే! ఇటురా, చెరో భుజం పట్టు!”

ముగ్గురూ మూడో గది ఎదుటి వాకిట్లో, గాలి వీచే చోట నేల మీద కూలబడ్డారు.

“నెమ్మదిగా పీల్చు బావా. ఇంకా. ఇంకా.”

“ఏదీ... దెబ్బ?”

“నాకేం తగల్లేదండీ. అదే అబద్ధం చెప్పింది.”

“ఓహో. కాగితం మీద ఒక అబద్ధం... ఫోనులో ఒక అబద్ధం.”

“నవ్వకండి. ఊపిరి తీసుకోండి. అంబులెన్సుకు ఫోను చేశాను, దారిలో ఉంది.”

“ఒకటి పడుకోబెట్టింది... ఒకటి లేపింది. చెల్లుకి చెల్లు, మరదలా.”

“చెల్లు కాదు బావా.”

“ఏడుస్తావెందుకే పిచ్చిదానా! మనిషి దక్కాడుగా. పద, ఆ పెద్దాయనకి రాసి పడెయ్, పేజీ ఒప్పుకోవద్దని. నా పేరు కూడా చెప్పు.”

“రాస్తున్నా... అక్కా, ఇందాకే ఇంకో మెసేజి వచ్చింది.”

“ఆయన దగ్గర్నుంచా?”

“కాదు. గడువు దాటితే మనిషితో పని లేదు, ప్రోగ్రామే తనంతట తాను పంపేస్తుంది. ‘ఏడు రోజుల్లో ఎవరూ అడ్డు చెప్పనందున మీ పేజీని ఒప్పుకోవడమైనది. ఈ సాఫ్ట్‌వేర్ వాడుతున్న గోదాములన్నిటికీ పంపడమైనది. మీకు అభినందనలు.’”

“అడ్డు చెప్పనందునా? ఆయన అడిగాడు కదే, సెన్సరేదని!”

“అడిగాడు. ప్రశ్న అడ్డు కిందికి రాదు.”

“అయితే వెంటనే దిద్దెయ్. ఎవరైనా ఎప్పుడైనా దిద్దవచ్చన్నావుగా!”

“స్క్రీన్ మీద దిద్దుతాను. దిద్దుతూనే ఉన్నాను. తలుపుల మీద ఎలా దిద్దను?”

“వాళ్ళింకా ప్రింటు తీసి ఉండరులే. ఇప్పుడేగా వెళ్ళింది.”

“నువ్వు ఎప్పుడు తీశావు?”

“నేనంటే... నువ్వు రాసిన రోజే.”

“ఇక్కడ అంకె ఉంది చూడు. ఈ ఏడు రోజుల్లో పేజీని దింపుకున్నవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. నోరు విప్పలేదనుకున్నాను. అందరూ నీలాగే చదువుకుంటూ కూర్చున్నారు.”

“కంగారు పడకు. కాస్త నన్ను ఆలోచించనీ. వాళ్ళకీ మెకానిక్కులుంటారు. వాళ్ళ తలుపుల మీదా ఇలాంటి కోడి గీతల కాగితమే ఒకటి ఉంటుంది, సున్నా వస్తే పిలవమని. అది చూసి ఆగుతారు. ఆగరూ? ఉంటుంది కదే?”

“నా పేజీలో చివరి వాక్యం ఏమిటక్కా?”

“చివరి వాక్యమా? అది చూసేగా నేను... నేను...”

“చదువు. అదిగో, తలుపు మీద కనబడుతూనే ఉందిగా. బావకి కూడా వినబడేలా చదువు.”

“‘ఈ పేజీని ప్రింటు తీసి తలుపుకు అతికించండి. అంతకుముందు చేత్తో రాసిపెట్టిన కాగితాలేవైనా ఉంటే, చింపి పారేయండి.’”